నాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. ఆయనకు చెప్పాలా? ఆపరేషనా, రేడియేషనా?

నకిరేకల్ బిడ్డ | జనవరి 11, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాయనకు 67 ఏళ్లు. నకిరేకల్ దగ్గర ఊళ్లో నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. షుగర్ ఉంది కానీ అదుపులోనే ఉంటుంది. మూడేళ్ల కింద గుండెకు ఒక స్టెంట్ వేశారు.

దసరాకు ఇల్లు దులుపుతుంటే గోడ మీది క్యాలెండర్ చేతికి వచ్చింది. అమ్మ అందులో పాల లెక్క రాస్తుంది, లీటరు, అర లీటరు అని పెన్నుతో. అవే గళ్లలో కింద మూలకు పెన్సిల్‌తో సన్నటి గీతలు కనిపించాయి. ఉగాది దగ్గర రోజుకు రెండు, మూడు. వానాకాలం వచ్చేసరికి ఐదు, ఆరు. ఇవేంటి నాయనా అంటే, "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్ననో గీస్తున్న బిడ్డా" అన్నాడు. ఏడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో ఒకాయన దగ్గర మాత్రలు తెచ్చుకుని వాడాడట. ఆ ఒకాయన ఒక్క రక్తపరీక్ష కూడా రాయలేదు.

నల్లగొండలో చూపిస్తే, మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్షలో పీఎస్‌ఏ 14.2 వచ్చింది. హైదరాబాద్‌లో ఎంఆర్‌ఐ తీశారు, ముక్క పరీక్ష (బయాప్సీ, సూదితో గ్రంథి ముక్కలు తీసి చూడడం) చేశారు. 12 ముక్కల్లో 5 ముక్కల్లో క్యాన్సర్ ఉందని రాశారు. గ్లీసన్ 4+3=7. జబ్బు ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూపే పీఎస్‌ఎంఏ స్కాన్‌లో గ్రంథి దాటి ఎక్కడికీ పోలేదన్నారు.

ఒక ఆసుపత్రిలో ఈ వారమే చేరండి, రోబోతో ఆపరేషన్ చేసేస్తాం, ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుంది అని అడ్వాన్స్ కట్టమన్నారు. తమ్ముడు అప్పు కోసం తిరుగుతున్నాడు. నాయనకు మాత్రం మేము గడ్డ ఉంది, ఇన్ఫెక్షన్ అని చెప్పాం. క్యాన్సర్ అంటే కుంగిపోతాడని భయం. అమ్మకూ తెలియదు. నాకు పది రోజులుగా నిద్ర లేదు. ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి.

మిర్యాలగూడ మాస్టారు | జనవరి 12, ఉదయం 6:08

అమ్మా, ముందు ఆ అడ్వాన్స్ కట్టకు. నీ తమ్ముడిని కూడా అప్పు ఆపమను.

నాకు 70 ఏళ్లు. ఆరేళ్ల కింద ఇదే జబ్బుకు ఆపరేషన్ చేయించుకున్నాను. కాబట్టి ఆపరేషన్ వద్దని చెప్పేవాడిని కాదు. ఈ వారమే అన్న మాట ఒక్కటే తప్పు. గ్రంథి లోపలే ఉన్న ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువ మందిలో మెల్లగా నడుస్తుంది. మంచిగా తెలుసుకుని నిర్ణయించుకోవడానికి మీకు కొన్ని వారాల టైం ఉంది. నెలల తరబడి మరిచిపోవడానికి లేదు, అది వేరే మాట.

రిపోర్టులో గ్లీసన్ అన్నది ముఖ్యం. సూక్ష్మదర్శిని కింద కణాలు ఎంత గాడి తప్పి కనిపిస్తున్నాయో దానికి 3 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. ఎక్కువగా కనిపించే రకం మార్కు ముందు రాస్తారు, తర్వాతది పక్కన. నాది 3+4. మీ నాయనది 4+3. రెండూ కూడితే 7 అయినా రెండూ ఒకటి కాదు. మీదాంట్లో 4వ రకం ఎక్కువ భాగం ఉంది. అందుకే ఇప్పుడు రిపోర్టుల్లో గ్రేడ్ గ్రూప్ అని కూడా రాస్తున్నారు. 1 నుంచి 5 దాకా ఉంటుంది. 3+4 అయితే గ్రూప్ 2, 4+3 అయితే గ్రూప్ 3. కాగితం చూడు, ఎక్కడో ఒకచోట ఉంటుంది.

తర్వాత ఇద్దరిని కలవాలి. ఆపరేషన్ చేసే యూరాలజీ డాక్టర్‌ను, రేడియేషన్ డాక్టర్‌ను. ఒక్కరినే అడిగితే తన చేతిలో ఉన్న పనినే చెబుతారు. అది మోసమని కాదు, రోజూ చేసే పని మీద వాళ్లకు నమ్మకం ఉంటుంది. ఇద్దరి మాటా విన్నాక నాకు నా జవాబు దొరికింది.

నాయనకు చెప్పే సంగతి గురించి ఇక్కడ జడ్చర్ల అక్క రాస్తే బాగుంటుంది. ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

జడ్చర్ల అక్క | జనవరి 12, మధ్యాహ్నం 2:31

బిడ్డా, మేము మా ఆయనకు ఎనిమిది నెలలు చెప్పలేదు. మాది నీలాగా మొదట్లోనే దొరికింది కాదు. ఏడాది పాటు నడుము నొప్పి అంటే నరాల నొప్పి అనుకుని మందులు వాడాం. చివరికి పీఎస్‌ఏ చేస్తే 300 దాటింది, ఎముకలకు పాకింది. పిల్లలందరూ కలిసి, అమ్మా నువ్వు నోరు తెరవకు అన్నారు. నేనూ సరే అన్నా.

ఏమైందో తెలుసా? జబ్బును పెంచే మగ హార్మోన్ తగ్గడానికి మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకోవాలి. రెండు డోసులు అయ్యాక నొప్పి తగ్గింది. "ఇన్ఫెక్షన్ తగ్గింది కదా, మళ్లీ సూదులెందుకు, పత్తి ఏరే రోజులు" అని రానన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. అసలు సంగతి తెలియని మనిషికి ఏమని చెప్పి తీసుకుపోవాలి? ఆ తర్వాత డోసు పోయింది. నొప్పి మళ్లీ మొదలైంది. అప్పుడు డాక్టర్ సారే కూర్చోబెట్టి చెప్పారు. మా ఆయన నా వైపు చూసి ఒకటే మాటన్నాడు, "నువ్వొక్కదానివే మోసినవా ఇన్ని రోజులు" అని.

కుంగిపోతాడని మీరు భయపడుతున్నారు. ఆయన ఏడు నెలలు గీతలు గీసుకున్న మనిషి. ఆయన అప్పటికే ఒక్కడే భయపడుతున్నాడు. చెప్పండి. ఇంట్లో, అమ్మ ఉండగా, తొందర లేనప్పుడు చెప్పండి. ఆస్పత్రి వరండాలో చెప్పకండి.

కల్వకుర్తి 77 | జనవరి 12, సాయంత్రం 7:15

మా దగ్గర అందరూ ముక్క తీస్తే గాలి తగిలి క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది అంటారు. మా బాబాయికి డాక్టర్ రాసినా అందుకే చేయించలేదు. ఆయన పీఎస్‌ఏ 9. ఇది నిజమేనా? తెలిసిన వాళ్లు చెప్పండి.

దేవరకొండ తమ్ముడు | జనవరి 12, రాత్రి 9:40

నిజం కాదన్నా. నేను హైదరాబాద్‌లో రేడియేషన్ మిషన్ దగ్గర టెక్నీషియన్‌గా చేస్తాను. డాక్టర్‌ను కాదు, కానీ రోజూ ఈ పేషెంట్లతోనే ఉంటాను.

ముక్క పరీక్ష చేయడం వల్ల జబ్బు పాకదు. మనవాళ్లు చాలామంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి వస్తారు, ముక్క తీసిన కొన్నాళ్లకు మనిషి పోతే ముక్క వల్లే అనుకుంటారు. ఆ నమ్మకం అక్కడి నుంచి వచ్చింది. పరీక్ష అయ్యాక కొన్ని రోజులు మూత్రంలో రక్తం కనిపిస్తుంది, వీర్యంలో అయితే కొన్ని వారాలు కూడా ఉంటుంది. అది మామూలే. చలి జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా మాత్రం ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పలచబడే మాత్రల సంగతి ముందే చెప్పాలి.

ఇంకొకటి. పీఎస్‌ఏ 9 అంటేనే క్యాన్సర్ అని కాదు. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్యే పైపు వేసినా పెరుగుతుంది. గ్రంథి పెరిగితే ఇచ్చే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ లాంటి మాత్రలు కొన్ని నెలలు వాడితే ఉన్నదానిలో సగం దాకా తగ్గి కనిపిస్తుంది. మీ బాబాయి ఏ మాత్రలు వాడుతున్నాడో డాక్టర్‌కు చెప్పండి. మళ్లీ పీఎస్‌ఏ, అవసరమైతే ఎంఆర్‌ఐ, దాన్ని బట్టి ముక్క పరీక్ష. వదిలేయకండి.

గద్వాల అన్న | జనవరి 13, ఉదయం 11:20

నేను ఏ ట్రీట్‌మెంటూ తీసుకోకుండా ఐదేళ్లుగా ఉన్నాను. ఇలాంటి వాళ్లం కూడా ఉన్నామని తెలియాలని రాస్తున్నాను.

నాది 3+3=6, రెండు ముక్కల్లోనే, పీఎస్‌ఏ 6 లోపు. డాక్టర్ కనిపెట్టుకుని ఉందాం అన్నారు. ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, చెప్పినప్పుడు ఎంఆర్‌ఐ, ఇప్పటికి రెండోసారి ముక్క పరీక్ష కూడా అయింది. మా ఇంటావిడ మొదట్లో, "ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని ఊరికే కూర్చుంటావా" అని ఏడ్చేది. పరీక్ష దగ్గర పడితే నాకూ ఇప్పటికీ వారం ముందు నుంచే టెన్షన్. రిపోర్ట్ వచ్చాక మళ్లీ ఆరు నెలలు మామూలు మనిషిని.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అని పెద్ద పరిశోధన చేశారు. గ్రంథి లోపలే క్యాన్సర్ ఉన్న 1643 మందిని మూడు జట్లు చేసి ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్ చేశారు, ఇంకో జట్టును కనిపెట్టుకుని ఉన్నారు. 2023లో 15 ఏళ్ల ఫలితాలు వచ్చాయి. మూడు జట్లలోనూ ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు 100కు ముగ్గురు దాకానే. అయితే కనిపెట్టుకుని ఉన్న జట్టులో జబ్బు వేరేచోటికి పాకినవాళ్లు 100కు 9 మంది, మిగతా రెండు జట్లలో 5 మంది. నా డాక్టర్ ఈ లెక్కలు కాగితం మీద వేసి చూపించారు. అందుకే నేను పరీక్షలు ఒక్కటి కూడా తప్పించను.

చెల్లీ, మీ నాయనది 4+3 కాబట్టి నా దారి ఆయనకు కాదు. కానీ ఒక్క వారంలో చేయి దాటిపోతుంది అన్న మాటకు మాత్రం భయపడకు.

వేదిక నిర్వాహకుడు | జనవరి 13, మధ్యాహ్నం 12:05

సభ్యులకు మనవి. డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, రిపోర్టుల ఫొటోలు ఇక్కడ పెట్టకండి. రెండు పోస్టులు తీసేశాను. అందులో ఒకటి ఆకు పసరుతో 21 రోజుల్లో తగ్గిస్తామన్నది.

నకిరేకల్ బిడ్డ | జనవరి 16, రాత్రి 9:18

అడ్వాన్స్ కట్టలేదు. నాయనకు చెప్పేశాం.

కనుమ నాడు తోటకు పోయాం. అమ్మ, నేను, తమ్ముడు. నాయన చెట్ల కింద పాదులు సరిచేస్తున్నాడు. తమ్ముడికి మాట రాలేదు. నేనే చెప్పా, నాయనా అది ఇన్ఫెక్షన్ కాదు, క్యాన్సర్ అని. అమ్మ అక్కడే కూలబడింది. నాయన పార పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. ఎంతుంది అని అడిగాడు. 12 ముక్కలు తీస్తే 5 ముక్కల్లో ఉంది, బయటికి పోలేదు అని చెప్పా. కాసేపు లెక్క వేసుకుని, "పన్నెండు పాదుల్లో అయిదింటికి తగిలింది. గట్టు దాటలేదు. అంతేనా?" అన్నాడు. అంతే నాయనా అన్నా. అప్పుడు ఇంకొక మాట అడిగాడు. "కత్తెర కాపు మీదుంది, కాయ దింపేదాకా ఆగుతదా?"

నేను ఏడ్చాను, ఆయన ఏడవలేదు. రాత్రి అమ్మతో చాలాసేపు మాట్లాడుతూ ఉన్నారు. వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను ఈమధ్య వినలేదు.

ఇప్పుడు నిజంగా ఎంచుకోవాలి. మాస్టారూ, ఆపరేషన్ తర్వాత మీకు ఎలా గడిచిందో దాచకుండా చెప్తారా? పాలమూరు నుంచి ఒక రైతు రేడియేషన్ చేయించుకున్నారని పాత పోస్టుల్లో చూశాను. ఆయన కూడా చెబితే బాగుంటుంది.

మిర్యాలగూడ మాస్టారు | జనవరి 17, ఉదయం 5:55

దాచకుండానే చెబుతాను తల్లీ. మన దగ్గర మగవాళ్లు ఇవి చెప్పరు, అందుకే తర్వాత వచ్చేవాడు ఏమీ తెలియకుండా వెళ్తాడు.

ఆపరేషన్ అంటే గ్రంథిని మొత్తం తీసేసి మూత్రసంచిని కింది నాళానికి కలిపి కుట్టడం. మూడో రోజు ఇంటికి వచ్చాను, పది రోజులు పైపు ఉంది. పైపు తీసిన రోజు నేను సిద్ధంగా లేను. కుర్చీలోంచి లేస్తే పడింది, దగ్గితే పడింది. రోజుకు ఐదారు డైపర్లు. ముప్పై ఏళ్లు క్లాసులో నిలబడి పాఠం చెప్పినవాడిని, మనవరాలు పక్కన కూర్చుంటే వాసన వస్తుందేమోనని జరిగి కూర్చునేవాడిని. మూత్రాన్ని మధ్యలో ఆపినట్టు కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం రోజూ చేశాను. ఇది ఆపరేషన్‌కు ముందే నేర్చుకోవాలి, నాకు ఎవరూ చెప్పలేదు. మూడో నెలకు రోజుకు ఒక ప్యాడ్. తొమ్మిదో నెలకు అదీ లేదు. ఇప్పటికీ గట్టిగా తుమ్మితే రెండు చుక్కలు. అందరికీ ఇంత మంచిగా సర్దుకోదు, కొందరికి ప్యాడ్ అలాగే ఉండిపోతుంది.

రెండోది భార్యాభర్తల సంగతి. అంగానికి పోయే నరాలు గ్రంథిని అంటుకుని ఉంటాయి. వీలైతే కాపాడతారు, జబ్బు అటువైపు ఉంటే తీసేయాల్సిందే. నాకు ఒక వైపే మిగిల్చారు. మునుపటిలా లేదు. వీర్యం రావడం ఎలాగూ ఉండదు. నేనూ మా ఇంటావిడా దాని గురించి ఏడాది మాట్లాడుకోలేదు, మాట్లాడుకున్నాక తేలికైంది. మాత్రలున్నాయి. కానీ మీ నాయనకు గుండె జబ్బు ఉంది. నైట్రేట్ మందులు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ లాంటివి వేసుకుంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గుండె డాక్టర్‌ను అడక్కుండా ఎవరూ తాకవద్దు.

మంచి కూడా చెప్పాలి. తీసిన గ్రంథిని పరీక్షకు పంపితే జబ్బు ఎంతవరకు ఉందో తేలింది. పీఎస్‌ఏ దొరకనంత తక్కువకు వచ్చింది, ఇవాళ్టికీ అలాగే ఉంది. మళ్లీ పెరిగితే అప్పుడు రేడియేషన్ పెట్టడానికి దారి ఉంటుంది. రేడియేషన్ అయ్యాక ఆపరేషన్ చేయడం చాలా కష్టం, తక్కువ మందే చేస్తారు. 64 ఏళ్లప్పుడు, గుండె బాగుండి, నేను దీన్నే ఎంచుకున్నాను. స్టెంట్ ఉండి, పలచబడే మందులు వాడుతూ ఉంటే రెండుసార్లు ఆలోచించేవాడిని.

పాలమూరు రైతు | జనవరి 17, సాయంత్రం 6:44

నేను 68. మిడ్జిల్ దిక్కు మా ఊరు. నాకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి రెండేళ్లయింది. 20 సిట్టింగులు. వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. పడుకుంటే మిషన్ చుట్టూ తిరుగుతది, పది పదిహేను నిమిషాలు. నొప్పి ఏమీ ఉండదు. జుట్టు ఊడదు. మనవళ్లను ఎత్తుకోవచ్చు, ఒంట్లో ఏమీ మిగలదు.

కష్టమంతా నీళ్లతో. మూత్రసంచి నిండుగా ఉండాలె, విరేచనం అయిపోయి మలాశయం ఖాళీగా ఉండాలె. మూడో వారం నుంచి మూత్రం మంట, గంటకోసారి పోవుడు, విరేచనం పలచగా. అయిపోయిన నెలకు తగ్గింది. ఏడాది తర్వాత రెండుసార్లు విరేచనంలో రక్తం చుక్కలు పడ్డాయి. చూపిస్తే కరెంటు వల్లే అన్నారు, తగ్గింది.

దాంతోపాటు హార్మోన్ ఇంజెక్షన్ ఆరు నెలలు. నిజం చెప్పాలంటే నన్ను సతాయించింది అదే. చలికాలంలో కూడా ఒళ్లంతా సెగలు, చెమటలు. బరువు పెరిగిన. ఊరికే ఏడుపొచ్చేది. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి. ఇంజెక్షన్ ఆపిన కొన్ని నెలలకు మనిషినయిన.

దేవరకొండ తమ్ముడు | జనవరి 17, రాత్రి 10:12

అన్న చెప్పిన నీళ్ల సంగతికి కారణం చెబుతాను, తెలిస్తే చేయడం తేలిక. గ్రంథికి పైన మూత్రసంచి, వెనక మలాశయం. మూత్రసంచి నిండితే పైకి లేచి దెబ్బ నుంచి తప్పుకుంటుంది, పేగును కూడా పైకి నెడుతుంది. మలం, గ్యాస్ నిండి ఉంటే గ్రంథి ముందుకు జరిగిపోతుంది. మేము రోజూ మొదలుపెట్టే ముందు స్కాన్ చూస్తాం. కుదరకపోతే దింపి మళ్లీ పంపిస్తాం. మా దగ్గర మూత్రం పోసుకుని వచ్చి అర లీటరు నీళ్లు తాగి ముప్పావుగంట ఆగమంటాం. ఒక్కో ఆసుపత్రి లెక్క ఒక్కోలా ఉంటుంది. మొదటి రోజు నడుము దగ్గర మూడు చిన్న చుక్కలు పెడతారు, అవి చెరిపేయవద్దు.

పూర్వం 37, 39 సిట్టింగులు ఉండేవి. ఇప్పుడు చాలామందికి 20తో సరిపోతోంది, కొందరికి 5తోనే చేస్తున్నారు. మీ నాయనకు ఏది సరిపోతుందో రేడియేషన్ డాక్టర్ చెబుతారు. కాయ దింపే సంగతి కూడా తప్పకుండా అడగండి అక్కా. 4+3 లాంటి వాటికి ముందు హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టి, రెండు నెలల తర్వాత కరెంటు పెట్టడం మామూలే. ఆ రెండు నెలలు మందు పని చేస్తూనే ఉంటుంది.

మర్రిగూడ వాసి | జనవరి 19, ఉదయం 9:30

మన నల్లగొండ వాళ్ల కోసం ఒక ముఖ్యమైన మాట. మా పెదనాయనకు పోయినేడు పీఎస్‌ఏ 11 వచ్చింది, నడుము ఎక్స్‌రేలో ఎముకలన్నీ తెల్లగా సుద్దలాగా కనిపించాయి. చూసినాయన ఎముకలకు పాకింది, ఇంటికి తీసుకుపోండి అన్నాడు. ఇంట్లో ఏడ్పులు. పెద్ద ఆసుపత్రిలో ఒక మేడమ్, "మీది ఏ ఊరు, చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారు?" అని అడిగింది. మర్రిగూడ అనగానే మెడ తిప్పమంది, కింద కూర్చుని లేవమంది. ఆయన మెడ పదేళ్లుగా తిరగదు.

ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చే ఫ్లోరోసిస్‌లో కూడా ఎముక గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా వస్తుంది. ఎముక స్కాన్‌లో కూడా ఒళ్లంతా పట్టినట్టు కనిపించవచ్చట. పీఎస్‌ఎంఏ స్కాన్ చేయిస్తే ఎముకల్లో క్యాన్సర్ లేదు, గ్రంథిలోనే ఉంది. ఇప్పుడు ట్రీట్‌మెంట్ అయిపోయి బాగున్నాడు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు వాళ్లు ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మాది ఫ్లోరైడ్ ఊరని ముందే చెప్పండి.

జడ్చర్ల అక్క | జనవరి 19, సాయంత్రం 5:02

మర్రిగూడ తమ్ముడూ, ఈ మాట గోడల మీద రాయించాలి.

ఎముకలకు నిజంగానే పాకిన ఇళ్లవాళ్లకు కూడా ఒకటి చెబుతా. కాళ్లలో ఉన్నట్టుండి బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం బంద్ అయినా తెల్లారేదాకా ఆగకండి. వెన్నుపూస నరాన్ని నొక్కుతుంటే గంటల మీద తేడా వస్తుంది. మా ఆయనకు ఒక రాత్రి అట్లాగే అయితే కారు మాట్లాడుకుని పోయాం, కాళ్లు దక్కాయి. ఇంజెక్షన్ల ఖర్చు, తిరుగుడు పడలేక తర్వాత చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీయించాం. చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డాడు, నేను పడలేదు. దాంతోపాటు అబిరాటెరోన్ మాత్రలు, ఎముకలకు ఇంజెక్షన్. ఆ ఇంజెక్షన్‌కు ముందు పళ్లు చూపించుకోవాలి. మూడేళ్లయింది. పత్తి కాడికి పోతున్నాడు.

నకిరేకల్ బిడ్డ | ఫిబ్రవరి 2, రాత్రి 8:47

ఇద్దరు డాక్టర్లనూ కలిశాం. గుండె డాక్టర్‌నూ కలిశాం. నాయనే అడిగాడు అన్నీ, నేను కాగితం మీద రాసుకున్నా.

ఆపరేషన్ డాక్టర్ వేరే ఆసుపత్రిలో ఆయన, నిదానంగా చెప్పారు. చేయొచ్చు, కానీ స్టెంట్ మందులు ఆపాల్సి వస్తుంది, మత్తు ఇవ్వడంలో కొంత ప్రమాదం ఉంది, రేడియేషన్ కూడా ఇంతే మంచి దారి అన్నారు. రేడియేషన్ డాక్టర్ మూత్రధార పరీక్ష చేయించారు. ధార మరీ సన్నగా ఉంటే రేడియేషన్‌తో మూత్రం ఆగిపోయే భయం ఉంటుందట. టామ్సులోసిన్ మాత్రతో ఇప్పటికే మెరుగైంది, గ్రంథి కూడా మరీ పెద్దది కాదు, పర్వాలేదన్నారు. హార్మోన్ ఇంజెక్షన్ వల్ల గుండెకు, షుగర్‌కు కొంత ఇబ్బంది ఉండొచ్చని గుండె డాక్టర్ ఈసీజీ, కొలెస్ట్రాల్ అన్నీ చూసి ఆరు నెలలకు ఒప్పుకున్నారు. రోజూ నడవాలి, మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

నాయన రేడియేషన్ అన్నాడు. మా మాట కోసం కాదు, ఆయన మాటగా. "కోత వద్దు. కాయ కోతే చాలు నాకు" అన్నాడు.

మొదట వారం రోజులు బైకాలుటమైడ్ మాత్రలు ఇచ్చి, తర్వాత ఇంజెక్షన్ వేశారు. ఇంజెక్షన్ పడగానే హార్మోన్ ఒక్కసారి పెరిగి తర్వాత పడిపోతుందట, ఆ పెరుగుదలకు అడ్డం మాత్రలు. ఏప్రిల్ మొదటి వారం నుంచి 20 సిట్టింగులు. మార్చి అంతా కాయ దింపుకోవచ్చు!

ఖర్చు సంగతి కొత్తవాళ్ల కోసం రాస్తున్నా. మాకు తెల్ల కార్డు ఉంది, ఆరోగ్యశ్రీలో పెట్టారు. 2023 డిసెంబర్ నుంచి ఇంటికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర ముందే అడగండి, మంజూరు కాకముందు డబ్బులు కట్టకండి. ముక్క పరీక్ష రిపోర్ట్, స్కాన్లు అసలువి దగ్గరుంచుకోండి. మొదటి ఆసుపత్రి అడిగిన అడ్వాన్స్ కోసం తమ్ముడు ట్రాక్టర్ కుదువ పెట్టబోయాడు, తలుచుకుంటే చేతులు వణుకుతాయి.

కల్వకుర్తి 77 | ఫిబ్రవరి 9, ఉదయం 7:26

మా బాబాయిని ఒప్పించాం. ఎంఆర్‌ఐ తీశారు. ఎల్లుండి ముక్క పరీక్ష.

మిర్యాలగూడ మాస్టారు | ఫిబ్రవరి 9, ఉదయం 7:50

సంతోషం బాబూ. నకిరేకల్ బిడ్డా, నీ తమ్ముడికి 45 దాటాక పీఎస్‌ఏ మొదలుపెట్టమను. తండ్రికి ఉంటే కొడుకులకు మామూలు కన్నా ఎక్కువ అవకాశం ఉంటుంది. నా కొడుకులిద్దరికీ చేయించాను.

నకిరేకల్ బిడ్డ | ఏప్రిల్ 19, రాత్రి 10:05

13 సిట్టింగులు అయ్యాయి. ఎల్బీనగర్‌లో మేనత్త ఇంట్లో ఉంటున్నారు. నకిరేకల్ నుంచి రోజూ బస్సులో తిరుగుతా అన్నాడు, మొదటి మూడు రోజులు తిరిగాడు కూడా. మూడో రోజు ట్రాఫిక్‌లో ఆలస్యమై, తాగిన నీళ్లు ఆపుకోలేక, చౌటుప్పల్ దగ్గర బస్సు ఆపించి దిగాల్సి వచ్చింది. తిరిగి ఎక్కి సీట్లో తల దించుకుని కూర్చున్నాడట. నాకు చెప్పినప్పుడు గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రే మేనత్త ఇంటికి మార్చాం. దూరం వాళ్లు ఎవరైనా సరే, ఆ నాలుగు వారాలకు అక్కడే ఒక గది చూసుకోండి.

సెగలు వస్తున్నాయి. అమ్మ రాత్రుళ్లు తడి తువ్వాలు పక్కన పెడుతోంది. మంట మొదలైంది.

పాలమూరు రైతు | ఏప్రిల్ 20, ఉదయం 6:15

అన్నకు చెప్పు బిడ్డా, ఇంకో పది రోజులు మంట ఎక్కువైతది, తర్వాత దిగుతది. కారం, చాయ్ తగ్గించమను. నీళ్లు మాత్రం తగ్గించొద్దు.

నకిరేకల్ బిడ్డ | ఆగస్టు 3, రాత్రి 9:33

పీఎస్‌ఏ 0.2. జనవరిలో 14.2. ఇంజెక్షన్ ప్రభావం ఇంకా ఉంది కాబట్టి ఇప్పుడే పూర్తిగా సంబరపడొద్దు, అది దిగాక వచ్చే నంబర్లు చూడాలి అన్నారు. మూడు నెలలకోసారి పరీక్ష. మొన్నటితో రెండో ఇంజెక్షన్ గడువు కూడా అయిపోయింది, ఇక లేదు.

కొత్త క్యాలెండర్‌లో గీతలు ఇప్పుడు రెండు. ఒక్కోరోజు ఒకటే. ఇప్పుడు అమ్మే గీస్తోంది, పాల లెక్క పక్కన పెన్నుతోనే.

నాయన పక్కనే కూర్చున్నాడు, పాలమూరు రైతన్నను ఒక మాట అడగమంటున్నాడు. కరెంటు అయ్యాక ఎన్ని రోజులకు ట్రాక్టర్ ఎక్కారు? కుదుపులకు ఏమన్నా అయిందా? తోటలో దున్నకాలు ఆగి ఉన్నాయి.

పాలమూరు రైతు | ఆగస్టు 4, ఉదయం 5:48

మూడు నెలలకు ఎక్కిన అన్నా. సీటు మీద మందంగా బొంత వేసుకో. మొదట గంట, తర్వాత రెండు గంటలు. మూత్రంలో ఎరుపు కనిపిస్తే దిగిపో, డాక్టర్‌కు ఫోన్ చెయ్. నాకేం కాలే. డాక్టర్‌ను ఒకసారి అడిగి ఎక్కు.